కరెంటు పోయిన రాత్రి

మొదట నా పేరే.
ఉప్పలగుప్తం దాటాక, మూడో చెరువు గట్టుమీద
పాకలో పడుకున్నవాడికి
ఏరేటర్ రెక్కలు నీళ్లని కొట్టే చప్పుడులో
గనిరాజు గనిరాజు గనిరాజు అని.

నవ్వొచ్చింది. రెండు రాత్రులు నవ్వాను.
మూడో రాత్రి అది తిట్టింది.
తరవాత తిట్టడం మానేసి లెక్కలు చెప్పింది:
నా గురించి ఎవరెవరు ఎక్కడ కూర్చుని మాట్లాడుకున్నారో,
మేత బస్తాల మీద అంకెలు ఎవరికోసం రాశారో,
లోవకుమారి పులుసులో ఏం కలిపిందో.

లోవకుమారి నా పెళ్లాం.
పదకొండేళ్లు దాని చేతి చింతచిగురు రొయ్యలు తిన్నవాణ్ణి
క్యారేజీ మూత తీసైనా చూడకుండా
కాలవలో పారబోశాను.

కొబ్బరిబొండంలో ఎవరూ ఏమీ కలపలేరు కదా.
నేనే ఎక్కి, నేనే దింపి, నేనే చెక్కి,
తొమ్మిది రోజులు అవే తాగి బతికాను.
పాక వెనక డొప్పలు గుట్టపడ్డాయి.
చీమలకి పండగ.

నాకు చెరువుని చదవడం వచ్చు.
చెక్ ట్రే పైకి లాగితే చాలు,
పేగు నిండిందో ఖాళీయో చెప్పేస్తాను.
తెల్లమచ్చ ఆవగింజంత ఉండగానే పట్టేస్తానని
పక్క ఊళ్ల రైతులు బండి పంపించి పిలిపించుకునేవారు.
మేత మానేసిన రొయ్యకి జబ్బని తెలుసు.
గుంపు విడిచి గట్టంచున తిరిగేదానికి జబ్బని తెలుసు.
తిండి మానేసి, గట్టంచున
తొమ్మిది రోజులు ఒక్కణ్ణే తిరిగాను.

గాలి సోకిందన్నారు ఊళ్లో.
మేనత్త తాయెత్తు పంపింది.
దాన్లో మైకు ఉందని తెంచి బురదలో తొక్కాను.

ఆ రాత్రి కరెంటు పోయింది.
పన్నెండు ఏరేటర్లూ ఒక్కసారే ఆగిపోయాయి.
కప్పలు.
కప్పల వెనక,
గనిరాజు గనిరాజు.

రెక్క తిరగడం లేదు.
నీళ్లు కదలడం లేదు.
మాట ఆగలేదు.

టార్చి వేసి ఒక్కో రెక్కా చూశాను.
తడిగా మెరుస్తూ ఊరికే ఉన్నాయి.
పాపం వాటినెందుకు తిట్టాను ఇన్నాళ్లూ!
మరి ఇది ఎక్కణ్ణుంచి?
గట్టుమీద ఎవడో ఉన్నాడని కత్తి పక్కలో పెట్టుకు పడుకున్నవాణ్ణి,
మోకాళ్లు వణుకుతుంటే దాన్ని చూరులో దోపేశాను.

అప్పటికే రొయ్యలు పైకి తేలుతున్నాయి.
టార్చి వెలుగులో ఎర్రగా వేల కళ్లు,
ఊపిరి కోసం.

జనరేటర్ షెడ్డు నాలుగు చెరువుల అవతల.
అక్కడ పడుకునే ధనకొండ కూడా వాళ్లలో ఒకడేనని
మాట నాకెప్పుడో చెప్పింది, ఇప్పుడూ చెబుతోంది,
వెళ్లకు, వెళ్లకు.
నమ్మక కాదు వెళ్లింది.
నమ్ముతూనే వెళ్లాను, రొయ్యలు చచ్చిపోతాయని.

జనరేటర్ అందుకున్నాక అడిగాను:
"ఒరే, నా పేరు పిలుస్తున్నారు. నీకు ఇనబడతందా?"
వాడు బీడీ నలిపేసి, జనరేటర్ ఆపేసి
చెవి పెట్టాడు.
కోట్ల రూపాయల పంట ఊపిరాడక తేలుతుంటే
ఆపేసి విన్నాడు.
"లేదు బావా. నాకైతే ఇనబడ్డం లేదు" అని మళ్లీ స్టార్ట్ చేసి,
"నీకు మాత్రం ఇనబడతంది. నీ మొహం చూత్తే తెలుత్తంది.
కూకో. తెల్లారేదాకా నేనూ కూకుంటా."

తెల్లారి లోవకుమారి వచ్చింది.
దగ్గరికి రాలేదు. క్యారేజీ తేలేదు.
ఖాళీ చేతులు నాకు కనబడేలా చాపి
"కాకినాడ ఎల్దాం" అంది.

యెదుర్లంక వంతెన మీద, కింద గౌతమి,
మాట ఏమందో ఇక్కడ రాయను.
లోవ నా చొక్కా అంచు పిడికిట్లో పట్టుకునే ఉంది.
యానాం దాటాక కూడా వదల్లేదు.

డాక్టరమ్మ నన్ను చెక్ ట్రేలో చూసినట్టు చూసింది,
తొందర లేకుండా.
జబ్బుకి పేరు చెప్పింది. పేరుందంటే
నాకంటే ముందు ఇంకెవరికో వచ్చిందన్నమాట.
మాత్ర విరిచి చూశాను, లోపల కూడా తెలుపే.
"ముందు నువ్వు మింగు" అన్నాను లోవతో.
నర్సు వద్దంది.
లోవ గ్లాసులో నీళ్లు సగం తాగి
మిగతా సగం నాకిచ్చింది.

పూర్తిగా పోలేదు.
కొన్ని రాత్రులు అవతలి గట్టు రేడియోలా, సన్నగా.
అప్పుడు ఫోన్ చేస్తాను.
"లేదు బావా, పడుకో" అంటాడు ధనకొండ, నిద్రమత్తులో,
నేనింకా అడక్కముందే.

మొన్న వాడే బొండం చెక్కి అందించాడు.
చిల్లులోంచి లోపలికి చూశాను.
నీళ్లు. కాస్త ఆకాశం.
తాగాను.