కుళ్ళు ఏరడం

తెల్లారి నాలుగింటికి కర్నూలు మార్కెట్ యార్డులో
ఉల్లిగడ్డల కుప్ప ముందు కూచుంటాను.
పక్కన ఉరుకుందమ్మ.
ఆమె చూసేది కళ్ళతో కాదు, బొటనవేలితో.
మెడ దగ్గర ఒక్క నొక్కు.
వేలు మెత్తగా దిగిందా, గడ్డ గాల్లోకి లేస్తుంది.
ఎక్కడ పడిందో కూడా చూడదు.
"ఎంతకు కొన్నావని కుళ్ళు అడుగుతుందా సావుకారీ?
పొద్దెక్కేదాకా ఉంచితే
సంచి సంచంతా నాదే అంటుంది."

ఇరవై రెండేండ్లుగా వింటున్న మాట.
కొత్త గుమాస్తాలకు నేనే అప్పజెప్పిన మాట.
యార్డులో నా పేరుకు ఆపాటి మర్యాద ఉంది:
ధర దిగేనాడు అందరికంటే ముందు
శేషఫణి సరుకు వదిలించుకుంటాడని.

తొమ్మిదింబావుకు ఇంకో యార్డు తెరుచుకుంటుంది,
నా అరచేతిలో.
అక్కడ హమాలీలు లేరు, కాటా లేదు,
కళ్ళు మండవు, ముక్కుకు ఏదీ తగలదు.

వాసన రాని చోట
కుళ్ళుకు నేను ఓపిక అని పేరు పెట్టినాను.

మొదటి నెల గెలిచినాను.
అసలు నష్టం ఆ నెలలోనే మొదలైందని ఇప్పుడంటాను గానీ
ఆ రోజు మాత్రం ఇంటికి
కిలో బూందీ లడ్లు పట్టుకుపోయినాను.

పెరిగే షేరును
జ్వరమొచ్చిన బిడ్డ నుదురులాగా
నిమిషానికోసారి తాకి చూసి, తాళలేక,
మూడొందలు రాగానే అమ్మేసినాను.
పడినదాన్ని మాత్రం
"వస్తుందిలే, యాడికి పోతాది" అని
మూడు వానాకాలాలు దాచినాను.
పడినప్పుడల్లా ఇంకొంచెం కొన్నాను.
యావరేజ్ చెయ్యడం అంటారు దాన్ని.
ఉరుకుందమ్మకు చెప్తే నవ్వింది.
"కుళ్ళిన సంచిలోకి మంచి గడ్డలు కుమ్మరించినావన్నమాట."

దీపావళినాడు పసుపు పూసిన కొత్త చిట్టాలో
నా చేత్తో నేనే రాసుకున్నాను:
రెండు శాతం పడితే బయటికి.
పోగొట్టుకున్న రోజు మళ్ళీ ముట్టుకోవద్దు.
ఎవడో చెప్పినాడని కొనొద్దు.
పైన శ్రీ చుట్టి, కింద సంతకం కూడా పెట్టినాను.

రెండు పడిన రోజు దాన్ని మూడు చేసినాను.
మూడు ఐదైంది.
రాత్రిపూట పక్కోడి చేలోకి
హద్దురాయి జరిపేవాళ్ళ గురించి విన్నాను.
పట్టపగలు తన చేలోకే జరుపుకునేవాణ్ణి
గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసినాను.

పోయిన పద్దెనిమిది వేల మీద పగబట్టి
ఆ మధ్యాహ్నమే యాభై పెట్టినాను.
మార్కెట్టుకు నా మొహం తెలీదు.
నేను తిన్న ఉగ్గాని అరిగిందో లేదో దానికి పట్టదు.
పగ ఉన్నది ఒక్కడికే.
ఫోను వాడి చేతిలోనే ఉంది.

అప్పుడే యార్డులో పాట జరుగుతాంది.
కోడుమూరు సరుకు, పైపొర తడి ఇంకా ఆరలేదు.
తెర మీది ఎర్ర అంకె చూస్తూ
పదకొండొందలు అనాల్సిన నోరు
పంతొమ్మిదొందలు అనింది.
ఏజెంటు గబుక్కున రాసేసుకున్నాడు.
గడ్డలు తెచ్చిన ముసలాయన మద్దిలేటి
నమ్మలేక నా వైపు చూసి
తలగుడ్డ తీసి దండం పెట్టినాడు.
ఇన్నేండ్ల నా తప్పుల్లో
అదొక్కటే ఎవరికో పనికొచ్చింది.

రాత్రి నిద్ర పట్టక
ఎర్ర అంకె మీద బొటనవేలు పెట్టి నొక్కినాను.
అద్దం. ఎంత నొక్కినా దిగదు.
వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే
సబ్బుకు పోని ఉల్లి ఘాటు.
ఆ వాసన నా చేతికి ఎప్పుడూ ఉంది,
అంకెలు ముట్టుకున్నప్పుడు కూడా.

పొద్దున తొమ్మిదింబావుకు
మూడు వానాకాలాల ముదురుదాన్ని ఒకదాన్ని అమ్మేసినాను,
ఎంతకు కొన్నానో చూడకుండా.
వెనక్కి తిరిగి చూడకూడదు.
చూసినాను.
మర్నాటికి అది రెండు రూపాయలు పెరిగింది.

"అయ్యో, ఇంకొక్క రోజు ఆగుంటే" అని
ఉరుకుందమ్మ పక్కన గొణుక్కుంటా ఉంటే
ఆమె తలెత్తలేదు.
నా ఒళ్ళో పడేట్టు ఇంకో గడ్డ విసిరింది.