గోధుమరంగు తీగ

నిన్న రాత్రి డోలోన్ కనుమ దిగుతుంటే
ఎదురొచ్చిన లారీ నన్ను మోటార్‌సైకిల్ అనుకుంది.
తప్పు దానిది కాదు,
ఎడమ దీపం పోయి ఒంటికన్నుతో వస్తున్నాను.
వెనక సీట్లో నొప్పులు పడుతున్న మనిషి.
బెత్తెడు దూరంలో రాసుకుంటూ పోయింది లారీ.
ఆమె అరవలేదు. నేనే అరిచాను.

ఇవాళ ఆదివారం. నారిన్‌లో సున్నాకి ఇరవై రెండు కింద.
ఓ పాత ఉన్ని కంబళి మంచు మీద పరిచి
కారు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.
ఈ ఆడీ నా కూతురికంటే పద్నాలుగేళ్లు పెద్దది,
చెప్పిన మాట కూడా దానికంటే ఎక్కువే వింటుంది.
పక్కింటి ఎర్మెక్, పదకొండేళ్లవాడు,
టార్చి పట్టుకుంటానని వచ్చాడు.
కావలసిన చోట తప్ప అన్నిచోట్లా పడుతోంది వెలుగు.

బజార్లో సగిన్‌బై బానెట్ ఎత్తకుండానే తేల్చేశాడు:
"మొత్తం హెడ్‌లైటే మార్చాలక్కా, బిష్కెక్ నుంచి తెప్పిస్తా."
చెయ్యి పట్టుకుని చూడకుండా మందు రాసేవాళ్లని
ఇరవయ్యేళ్లుగా చూస్తున్న నర్సుని నేను.
సరే అని రాలేదు, సరేలే అని వచ్చాను.

ముందు బల్బు.
గాజుకి వేలిముద్ర తగలకూడదంటారు,
కాన్పులకి వాడే గ్లోవ్సు తొడుక్కుని తీశాను.
కుడివైపు పెడితే వెలిగింది. దాని తప్పు లేదు.
తర్వాత ఫ్యూజు. లోపలి వెంట్రుకంత రేకు తెగలేదు.
తర్వాత, అరువు తెచ్చిన మీటరు:
ఒక సూది బ్యాటరీ మీద, ఒక సూది ఖాళీ సాకెట్లో.
పన్నెండు పాయింట్ మూడు.
"ఉందత్తా కరెంటు!" ఎగిరాడు ఎర్మెక్.
ఉంది. మరి వెలగదేం?
కాసేపు ఇద్దరం దాని మొహమే చూస్తూ కూర్చున్నాం.

మీటరు ఏమీ అడగదు.
ఊరికే తలుపు తట్టి "ఉన్నారా" అంటుంది,
లోపల్నుంచి "ఉన్నాం" అంటారు.
బల్బు అలా కాదు, అప్పు కోసం వస్తుంది.
ఇంట్లో ఏముందో అప్పుడే తెలుస్తుంది.

బల్బు మళ్లీ బిగించి, స్విచ్ వేసి,
సాకెట్ వీపులోంచి సూది గుచ్చి
ఈసారి గోధుమరంగు తీగని కొలిచాను.
అది తిరుగుదారి. అక్కడ సున్నా ఉండాలి.
పదకొండున్నర ఉంది.
వెళ్లిన కరెంటు వెళ్లినట్టే
ఇంటికి దారిలేక వాకిట్లో నిలబడింది.

తీగ వెంట తడుముకుంటూ పోతే
బ్యాటరీ ట్రే కింద, ఎవరి చూపూ పడని మూల, ఒక బోల్టు.
దాన్ని ఎర్త్ అంటారు.
నాలుగు రబ్బరు చక్రాల మీద
నేలని తాకకుండా తిరిగే భూమి.
చుట్టూ పచ్చగా చిలుము,
రోడ్ల మీద చల్లిన ఉప్పు ఏళ్లతరబడి చేయించి పెట్టిన నగ.

పది నంబరు స్పానర్ వేశాను. కదల్లేదు.
కిరోసిన్ చుక్క వేశాను. కదల్లేదు.
తిట్టాను.
ఎర్మెక్ కొత్త మాట ఒకటి నేర్చుకున్నాడు.
అప్పుడు కిర్రుమంది.
వంటింటి చాకుతో గీకుతూ పోయాను,
పచ్చదనం రాలి, తెల్లది రాలి, అడుగున
కొత్తదానిలా మెరిసే ఇనుము కనపడేదాకా.

"ఆ రాత్రి ఆమెకేమైంది?" వాడు అడిగాడు.
"ఆడపిల్ల. మూడు కిలోల రెండొందలు.
తెల్లారగట్ల నాలుగింటికి."
"లారీ గురించి దానికి చెప్తారా?"
"ఎవరు చెప్తారు, అందరం నిద్రలేక చస్తుంటే."

అప్పటికి పొద్దు వాలింది. స్విచ్ వేశాను.
వెలుగు పోయి వాళ్ల పెరట్లో పడింది,
దండెం మీద గడ్డకట్టి
మనిషి లేకుండానే నిలబడ్డ వాళ్ల నాన్న ప్యాంటు మీద.
ఎర్మెక్ గట్టిగా నవ్వాడు.
నవ్వి, తల పక్కకి వాల్చి,
రెండు దీపాల్నీ మార్చి మార్చి చూశాడు.

"అత్తా, ఇప్పుడు కుడిది మసగ్గా లేదూ?"

స్పానర్ ఇంకా చేతిలోనే ఉంది. వేళ్లకి స్పర్శ లేదు.
"టీ తాగొచ్చి చూద్దాం," అన్నాను.