నుసి

టార్చి వేసి చూడమన్నాడు క్లారెన్స్.
రంపం ఆపి, దీపాలార్పి, షెడ్డు తలుపు మూసి
పది నిమిషాలాగి
చీకట్లోకి వెలుతురు గుచ్చి చూడమన్నాడు.

చూశాను.
నేల ఊడ్చి, బల్ల తుడిచి,
శుభ్రమే కదా అనుకున్న చోట
వెలుగు చారలో నలుసులు
తొందరేమీ లేకుండా ఈదుతున్నాయి.

క్లారెన్స్ నలభయ్యేళ్ళు
హుయాన్ లోయ మిల్లులో దుంగలు కోశాడు.
ఇప్పుడు చక్రాల సిలిండరును
కుక్కపిల్లలా వెంట తిప్పుకుంటాడు.
"కనబడే పొట్టు మంచిదోయ్,
చీపురుకు లొంగుతుంది.
కనబడని నుసే..."
మిగతా మాటకు ఊపిరి చాలక
వేలితో రొమ్ము మీద తట్టాడు.

అప్పటికే మెర్ల్ నా దగ్గులు లెక్కపెడుతోంది.
వంటింటి క్యాలెండరు అంచున, పాలవాడి పద్దులా.
బ్లాక్‌వుడ్ కోసిన రాత్రి పదిహేడు.
పైన్ కోసిన రాత్రి తొమ్మిది.

స్కూలు బస్సు నడిపి రిటైరైనవాణ్ణి.
చేతిలో నాలుగొందల డాలర్లు.
పిండి కొద్దీ రొట్టె అంటారు,
నా పిండి మాత్రం గాలిలో ఉంది.

హోబార్ట్ దుకాణంలో లాక్లన్ అనే కుర్రాడు
వరసగా చూపించాడు.
బకెట్టు మూతతో వ్యాక్యూమ్:
శాండరుకు సరే,
ప్లేనరు ముందు పెడితే ఏనుగు దాహానికి చూరునీళ్ళు.
గుడ్డసంచి యంత్రం: చవకే,
కానీ పొట్టును దాచుకుని నుసిని మనకే ఊదుతుంది,
జల్లెడ పట్టి విషం పంచినట్టు.
ఆ పక్కది సైక్లోన్.
ధర విన్నాక
లోపల తిరగాల్సిన గాలి
నా తలలో తిరిగింది.

పాత పడవ అమ్ముదామని చూశాను.
అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.
పడవ ఇంకా పెరట్లోనే ఉంది, బోర్లా.

సిగ్నెట్‌లో బెరిల్ అనే ఆవిడ
నూట యాభైకి ఇస్తానంది,
భర్త వాడిన యంత్రం.
మోటారు తిప్పి చూశాను, మోత నిండుగానే ఉంది.
బేరమాడలేదు.
సంచి విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

లోపల పొట్టు పొరలు పొరలుగా:
పైన గోధుమరంగు, కింద నలుపు,
అడుగున పచ్చగా హుయాన్ పైన్,
ఏళ్ళు గడిచినా చావని ఆ వాసన.
ఆవిడ మోచేతి దాకా దించి
అడుగు పొర గుప్పెడు తీసింది.
"ఇది గడియారాల ఏడాది," అంది.
"ఎనిమిది చేశాడు. ఒక్కటీ సరిగ్గా నడవలేదు."

సంచి ఆవిడకే వదిలేశాను.
మంచితనం కాదు,
ఆ గుడ్డను ఎలాగూ మార్చాల్సిందే.
చిక్కటి నేత సంచికి నూట పది,
వాననీటి గొట్టాలకు అరవై,
బిగింపులూ టేపూ కలిపి ఇరవై రెండు.
మిగిలిన డబ్బుతో మంచి మాస్కు.
మెర్ల్ రసీదులన్నీ కూడి
మొదటిసారి నన్ను తిట్టలేదు.

గొట్టం పొట్టిగా, వంపులు తక్కువగా.
పొడుగైన కొద్దీ లాగే బలం తగ్గుతుంది.
ఈ సంగతి చెప్పడానికి కొలమానాలక్కర్లేదు,
క్లారెన్స్ మా మెట్లెక్కడం చూస్తే చాలు.

మొన్న సాయంత్రం వచ్చాడు.
బ్లాక్‌వుడ్ పలకలు నాలుగు కోసేదాకా
కిటికీ బయటే నిలబడి, తర్వాత లోపలికొచ్చి
సిలిండరును కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.
దీపాలార్పాం. పది నిమిషాలు.
చీకట్లో అతని గొట్టం బుస,
కొండమీంచి దిగే చలిగాలికి రేకుల చప్పుడు.

టార్చి వేశాను.
"ఎన్ని?" అన్నాడు, కళ్ళు చిట్లించి.
"కొన్ని."
"మాస్కు తియ్యకు," అన్నాడు.

ఆ రాత్రి క్యాలెండరులో నాలుగు.
మెర్ల్ నిద్రపోయాక ఎన్నో
ఎవరూ లెక్కపెట్టలేదు.