రెండు కార్డులు

మూడో వాగు దాటాక మా ఊరు.
నన్ను మరాఠీలో తాయీ అని పిలుస్తారు,
తెలుగులో తిడతారు,
నొప్పులొస్తే మాడియాలో ఏడుస్తారు.
నా రిజిస్టరుకు ఒక్కటే భాష.

చివరి ముట్టు ఎప్పుడు?
జైనీ తలండి గోరుతో గుంజను గీకుతూ చెప్పింది:
"ఇప్పపూలు అయిపోయినయ్.
తునికాకు ఇంకా షురూ కాలే."
ఆ రెంటి నడుమ ఎన్ని రోజులో
అడవికి తెలుసు, గడికి తెలియదు.
ఏప్రిల్ ఇరవై అని రాశాను.
బిడ్డ వయసు నా పెన్ను మొన దగ్గర మొదలైంది.

తల్లి వయసూ అంతే.
ఆధార్లో పుట్టినరోజు జనవరి ఒకటి.
మా ఊళ్ళో సగం మంది ఆ రోజే పుట్టారు,
ఆ రాత్రి మంత్రసానికి ఎంత పనో!
కార్డులో పందొమ్మిది. మొహంలో పదిహేడు.
నేను పందొమ్మిదే రాశాను.
ఆ సంగతి ఇక అడక్కండి.

రక్తం ఏడు పాయింట్ ఎనిమిది.
ఇనుము మాత్రలు ఇచ్చాను.
అత్త వాటిని ఉప్పు డబ్బా వెనక దాచింది,
బిడ్డ లావైతే
వాగు దాటేలోపే తల్లి పోతుందని.
ఆమెను నేనేమీ అనలేదు.
ఆమె రెండో కాన్పు ఆ వాగు నడుమనే,
నలుగురు మోస్తున్న మంచం మీద.

బొమ్మ తీసే డాక్టరు తాలూకాకు నెలకు రెండుసార్లు.
వానాకాలమంతా
ఆయన వచ్చిన రోజే వాగూ వచ్చింది.

దీపావళి వెళ్ళాక ప్రాణహిత వంతెన మీదుగా
ఒక ట్రాలీలో ఇరవై రెండు మంది పత్తికి పోయారు.
ఇరవై మూడో ప్రాణాన్ని మేస్త్రీ లెక్కపెట్టలేదు,
దానికి కూలీ లేదు గనక.

అవతలి చేలో ఒక మధ్యాహ్నం
ఆమె కళ్ళు తిరిగి పడింది.
దవాఖానలో ఊరేదంటే
మేస్త్రీ తన ఊరు చెప్పాడు, త్వరగా తెమలాలని.
నర్సమ్మ పొట్ట చూసింది.
చిన్న పొట్ట. ఐదో నెల అని రాసింది.
కొత్త కార్డు, తెలుగులో, ముత్యాల్లాంటి చేతిరాత.
ఇప్పుడక్కడ నాలాంటిదొకతి
రాని జైనీ కోసం
లేని ఇంటి తలుపు కొడుతుంటుంది.
ఆమెకూ పైనుంచి ఫోన్లు వస్తుంటాయి.

పత్తి అయిపోయి, మిరప ఇంకా పండక ముందు
ఇంటికొచ్చిన నాలుగో రోజు తెల్లారుజామున నొప్పులు.
సిరొంచ దవాఖానలో కుర్ర డాక్టరు
రెండు కార్డులూ బల్ల మీద పరిచాడు.
ఒకదాంట్లో తొమ్మిది నెలలు. ఇంకోదాంట్లో ఏడు.
ఏడైతే గడ్చిరోలి పంపాలి, పూటంతా రోడ్డు.
తొమ్మిదైతే ఇక్కడే.
"ఏది నిజం, తాయీ?"
నా అక్షరం నన్నే చూస్తోంది.

గోడవార కూర్చున్న అత్త,
ఇన్ని నెలల్లో ఏ గడీ పలకరించని మనిషి,
నోరు తెరిచింది:
"ఆకు కల్లంకాడ కక్కింది, నా ముంగటనే.
కట్టకు ఐదాకులు తక్కువని
సేటు కొట్లాడిన దినం."
కొంగు ముడి విప్పింది.
నాలుగు మడతల చిట్టీ,
చెమటకు అంచులు మెత్తబడ్డది.
కట్టలు: నూట పది. తారీఖు: మే ఇరవై తొమ్మిది.

డాక్టరు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు.
ఇంకోసారి వేసుకున్నాడు.
"ఇక్కడే" అన్నాడు.

ఆడపిల్ల. రెండు కిలోల వంద.
జైనీ నిద్రపోయాక
అత్త బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.
కార్డులను ముట్టుకోలేదు.
చిట్టీ తీసుకుని మళ్ళీ కొంగున ముడేసుకుంది.
పోయినేడు ఆకు బోనస్
ఇంకా రావాలట.