పది నంబరు

బండి వేడెక్కితే ఆగిపోతాది, చల్లారితే కదుల్తాది.
పుట్టాసింగి ఘాటీలో మూడుసార్లు ఆగిందంట.
మూడోసారి బాజావాళ్లు దిగి తోశారంట,
డప్పులు మెళ్లో ఉండగానే.
తెల్ల స్విఫ్టు. సొంతదారు బిన్నా సబర్.
గుణుపురం బైపాసులో నా షెడ్డు ముందు ఆపి
తాళం నా చేతిలో పెట్టాడు,
అంతకుమించి ఏటీ చెప్పలేదు.

రోగం పది నిమిషాల్లో తెలిసిపోయింది.
క్రాంకు సెన్సరు. బొటనవేలంత.
దాన్ని పట్టుకున్నది ఒకే ఒక్క బోల్టు, పది నంబరు.
అదెక్కడుందంటే,
ఇంజను వెనకాల, గాలి గొట్టాల కింద,
గేర్‌బాక్సు భుజం పక్కన.
కన్ను పోదు, లైటు పోదు,
అద్దం పెడితే అద్దంలో నా గెడ్డమే కనబడతాది.

చెయ్యొక్కటే పోతాది. అదీ ఎడమది.
మోచేతి దాకా పోయి అక్కడ మడత తిరగాలి.
బ్యాటరీ తీశాను, ఫిల్టరు డబ్బా తీశాను,
వాచీ తీశాను,
మా ఆవిడ కట్టిన ఎర్రదారం కూడా తెంపాను.
ఇంటికెళ్లాక దానికి వేరే జవాబు చెప్పుకోవాలి.

వేళ్లు వెతుకుతున్నాయి.
ఇది వైరు. ఇది క్లిప్పు. ఇది నూనె మడ్డి.
ఇదిగో, ఆరు పలకలు.
ఒక పలకని తుప్పు తినేసింది.
కళ్లు మూసుకున్నాను,
తెరిచున్నా వాటికి పనిలేదు గనక.

తవిటయ్య మేస్త్రీ అనీవోడు:
"బోల్టుని తిట్టకురా.
వదలొద్దన్నారు, వదల్లేదు. దాని తప్పేటి?"

నూనె కొట్టాను. టీ తాగొచ్చాను. మళ్లీ కొట్టాను.
బిన్నా సబర్ పాత టైరు మీద కూర్చుని
సవర మాటలో ఏదో అంటున్నాడు,
నాతో కాదు, బండితో.

రెండు ఎక్స్‌టెన్షన్లు, మధ్యన మెడ తిరిగే జాయింటు,
చివర పది నంబరు గొట్టం.
మొదటి పట్టు జారింది.
వేలి కణుపు మీద తోలు లేచింది.
తిట్టు తెలుగులోనే వచ్చింది,
మా అమ్మ నోట విన్నంత చక్కగా.

రెండో పట్టు.
విప్పాలనుకున్నోడు ముందు వెంట్రుకంత బిగించాలి.
ఎందుకో తవిటయ్య చెప్పలేదు,
నాకూ ఇప్పటికీ మాటల్లోకి రాదు.
తుప్పుకి కాసింత ఆశ పెట్టాలి కాబోలు.
కుడికి నొక్కాను. ఆపాను.
ఎడమకి

టిక్.

ఈ పనిలో నాకున్న భయం ఇదొక్కటే.
వదిలినా టిక్కే, విరిగినా టిక్కే.
చెవికి తేడా తెలీదు.
విరిగితే మొండెం లోపలుండిపోతాది,
గేర్‌బాక్సు దించాలి, నాలుగు రోజులు,
బిన్నాకి పెళ్లిళ్ల బేరాలు పోతాయి,
నాకు పేరు పోతాది.
రెంచీ అలాగే పట్టుకుని ఉండిపోయాను.
షెడ్డు పైన కాకి నడుస్తోంది,
రేకు మీద గోళ్లు.

మెల్లగా ఇంకో పావు చుట్టు.
బరువుంది. అరచేతికి బరువు తగుల్తోంది.
విరిగినదానికి బరువుండదు.

అక్కణ్ణించి వేళ్లతోనే.
ఎకొ, దుయి, తిని, చారి...
చుట్లు లెక్కపెట్టేది ఒడియాలో.
రెండో తరగతిలో కొట్టి నేర్పింది అదే మరి.
పదకొండో చుట్టుకి వేళ్లలోంచి జారి
కింద రేకులో ఎక్కడో పడింది.
అరగంట వెతికాం ఇద్దరం, నేల మీద బోర్లా పడుకుని,
కర్రకి అయస్కాంతం కట్టి.
పాత బోల్టుతో పనేం లేదు.
అయినా వెతికాం.

సెన్సరు తీసి బిన్నా అరచేతిలో పెట్టాను.
అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఏతికి పాయిఁ?" అన్నాడు.
అవును, ఇంతదానికే.

కొత్తది పెట్టి, కొత్త బోల్టు మరలకి
గ్రీజు కాస్త ఎక్కువే రాశాను.
పదేళ్లకో పన్నెండేళ్లకో
ఎవడో ఒకడు ఇక్కడ చెయ్యి పెడతాడు,
కళ్లు మూసుకుని వెతుకుతాడు.
వాడు ఏ భాషలో తిడతాడో నాకు తెలీదు.
కాస్త తక్కువ తిట్టాలని.