అరంగుళం వెడల్పు

పగలు లింకన్‌లో కట్టుడు పళ్ళు చేస్తాను.
మైనం, పింగాణీ, సన్నటి ఆకురాయి.
రాత్రి అదే ఆకురాయితో
హాంప్డెన్ బాంబరు రెక్క అంచు అరగదీస్తాను.

డెబ్బై రెండుకి ఒకటి.
ఆరడుగుల మనిషి అంగుళం అవుతాడు.
ఆ విమానం కడుపు నిజంగానే మూడడుగుల వెడల్పు,
నలుగురు ఇరుక్కుని కూర్చునేవారట,
ఒకడికేమైనా అయితే
ఇంకొకడు ఆ చోట్లోకి జరిగే వీల్లేకుండా.
ఎగిరే సూట్‌కేసని వాళ్ళే పేరు పెట్టుకున్నారు.
నా బల్ల మీద అది అరంగుళం.
చిటికెనవేలికి కూడా బిగుతే.

న్యూఆర్క్ సంతలో, గొర్రెల వాసన ఇంకా వదలని షెడ్డులో
బెర్నార్డ్ స్కెల్టన్ అమ్మాడు, పన్నెండు పౌన్లకి.
పెట్టె ఊపి చూశాను. కందిపప్పు డబ్బాలా మోగింది.
అన్నీ ఉన్నాయా అంటే
"మా తమ్ముడు మొదలెట్టాడు" అన్నాడు,
అదే జవాబన్నట్టు.
ఇంటికొచ్చి లెక్కపెడితే ఎడమ చక్రం లేదు.
పైలట్ మొహానికి మాత్రం రంగు వేసి ఉంది,
కనుబొమలతో సహా.
మెడ కింద అంతా పచ్చి ప్లాస్టిక్.
ఆ మొహం చెరపడానికి నాకు చేతులు రాలేదు.

పళ్ళకైతే పదహారు ఛాయల పలక ఉంటుంది,
పెదవి పక్కన పెడితే తేలిపోతుంది.
ఈ విమానం లోపలి గోడకి ఏ పలకా లేదు.
ఒక పుస్తకం బూడిదపచ్చ అంది.
ఇంకోటి, తొలి వాటికి రంగే లేదు, ఉత్త రేకు అంది.
ఫొటోలన్నీ నలుపు తెలుపు.
మ్యూజియం పెద్దాయన జేబురుమాల్లోంచి ఒక ముక్క తీసి చూపించాడు,
ఏదో సరస్సు అడుగున దొరికిందట.
ఆ పచ్చదనం రంగుదో నాచుదో
ఆయనకీ తెలీదు.

ఆరు సీసాలు కొన్నాను.
చెంచాల వెనక పూసి వంటింటి కిటికీలో ఆరబెట్టాను.
పెసరపొట్టు, ఎండిన గోంగూర, వానాకాలం గోడ పాచి,
మిగతా మూడింటికి నా దగ్గర మాటల్లేవు.
పెరుగు దేంతో తినాలి అన్నాడు మా అబ్బాయి.

స్కెల్టనే చెప్పాడు,
వాళ్ళ మేనత్త ఎడ్నా ప్రెస్టన్‌లో వీటికి రివెట్లు కొట్టిందని.
కొండ మీది వృద్ధుల హోము. తొంభై ఆరేళ్ళు.
పై వరస మా ల్యాబుదే, నవ్వగానే గుర్తుపట్టాను.
ఆరు చెంచాలూ దుప్పటి మీద పరిచి
వీటిలో ఏదండీ అన్నాను.

చాలాసేపు చూసింది.
"రాత్రి షిఫ్టమ్మా. రంగెవరు చూశారు?
చలైతే చెప్పగలను.
రేకు ముట్టుకుంటే వేళ్ళు అతుక్కుపోయేవి.
సన్నంగా ఉండేదాన్నని తోకలోకి నన్నే దూర్చేవారు.
బయట గ్లాడిస్ కొట్టేది, లోపల నేను దిమ్మ ఆనించి పట్టేదాన్ని.
మూసేముందు గోడ మీద పెన్సిలుతో ఒక పేరు రాసేదాన్ని.
ప్రతిదాంట్లోనూ. ఫోర్మన్‌కి తెలీదు."

ఎవరి పేరు?

టీ బండి వచ్చింది.
రెండు చెంచాల చక్కెర, అంది ఆ అమ్మాయితో.
నేను మళ్ళీ అడగలేదు.

పేరుని డెబ్బై రెండో వంతు చేస్తే
ఆవగింజ మీద గీత.
నాలుగు వెంట్రుకల కుంచెతో ఆ గీత పెట్టాను,
తోక లోపల, ఇంక ఎవరి చూపూ చేరని చోట,
పెసరపొట్టు మీదో ఉత్త రేకు మీదో చెప్పను.
రెండు సగాలూ కలిపి
జిగురు ఆరేదాకా వేళ్ళతో అదిమి పట్టుకున్నాను,
అవతలివైపు ఎవరో సుత్తి ఎత్తినట్టు.

ఎడమ చక్రం ఇంకా దొరకలేదు.
స్కెల్టన్ అటక మీద వెతుకుతానన్నాడు.
మోకాళ్ళ నొప్పి తగ్గాక.