ఇంకా ఇంకలేదు

ఐర్లండులో, లీట్రిమ్ జిల్లాలో
గుంట తవ్వడం, నీళ్లు పోయడం,
గడియారం చూస్తూ గట్టుమీద కూచోవడం
నా ఉద్యోగం.
అడుగు వెడల్పు, మూరెడు లోతు.
నీళ్లు బెత్తెడు దిగడానికి ఎన్ని నిమిషాలో రాస్తాను.
ఆ అంకెను బట్టి
ఒకరికి ఇల్లొస్తుంది, ఒకరికి రాదు.

గ్రానియా మెక్‌టీగ్ చంకలో ఇంటి ప్లానుంది,
గొట్టంలా చుట్టి, వాన తగలకుండా ప్లాస్టిక్ తొడిగి.
వంటగది కిటికీ చెరువువైపు.
స్నానాలగది మెట్లకింద.
ఫెలిమ్ మామ రాసిచ్చిన పొలం,
ఏటవాలుగా, నిండా తుంగ.
తుంగను చూడగానే నాకు సగం తెలిసిపోయింది.
మిగతా సగానికే జీతం.

పైమన్ను ఒక్క పారలోతు.
ఆ కింద నీలిబూడిద బంక,
తడిసిన సబ్బుబిళ్లలా.
పార అంచు అందులో అచ్చుపడింది.
ఒక ముద్ద తీసి అరచేతుల మధ్య పేనాను,
తాడైంది, తెగలేదు.
ఉంగరంలా చుట్టాను, పగల్లేదు.
"నా వేలికి సరిపోతుందే" అని నవ్వింది గ్రానియా.
తెగని తాడు చెడ్డకబురని
అప్పటికింకా ఆమెకు చెప్పలేదు.

సాయంత్రం నీళ్లు పోసి వెళ్లాను.
పొద్దున వస్తే నీళ్లు అలాగే ఉన్నాయి,
అదనంగా ఒక కప్ప.

కంచె అవతల ప్యాకీ గిల్‌హూలీ,
ఎనభై దాటినా టోపీ తియ్యని మనిషి.
"ఇంకిందా?"
"ఇంకా లేదు."
"నలభైయారులో మా నాన్న పోసిన నీళ్లే
మా దొడ్లో ఇంకా ఇంకలేదు" అన్నాడు
కప్పవైపు చూస్తూ.

మనలోంచి పోయేది ఎక్కడికి పోతుందో
ఎవరూ అడగరు.
గొలుసు లాగుతాం, చేతులు కడుక్కుంటాం.
ఆ రెండో మాట ఎంత చెడ్డదో
ఈ పొలాల్లోనే తెలిసింది నాకు.
నేల మింగనంటే
అంతా పైకే తేలుతుంది, పల్లానికే నడుస్తుంది,
పక్కింటి బావిని పలకరిస్తుంది.

ఫెలిమ్ ఇల్లు అదిగో, ఆ దిగువన.
వానలు మొహం చాటేసిన ఏడు
కింద బంక ఎండి ముడుచుకుంటే
గోడ నిలువునా నెర్రె ఇచ్చిందట.
ఆయన బెంగపడలేదు,
కరెంటు బిల్లులు అందులో పెట్టుకున్నాడు.
శీతాకాలం నేల ఉబ్బింది, గోడ మూసుకుంది.
ఒక బిల్లు ఇప్పటికీ లోపలే.
"కట్టలేదింకా" అంది గ్రానియా,
బిల్లు గురించో, ఇంటి గురించో.

ఫారంలో ఒక గడి ఉంది: నిమిషాలు.
రోజులు రాయడానికి చోటు లేదు.
"మూడోరోజు కూడా చూద్దామా?" అంది.
చూశాం.
కప్ప వెళ్లిపోయింది.
నీళ్లు వెళ్లలేదు.

సున్నం కలిపితేనో, ఇసుక పోస్తేనో,
విల్లోలు నాటి వాటి వేళ్లకే అప్పజెబితేనో,
అన్నీ ఉన్నాయి, అన్నిటికీ ఖర్చుంది,
ప్రతి ఖర్చుకీ ఆఫీసులో ఒక సంతకముంది.
వేలెత్తి చూపించాను ఒక్కోటీ.
ఆమె ప్లాను విప్పలేదు.
ఆ గొట్టంతో బూటుకంటిన బంక గీకుతూ నిలబడింది.

ప్యాకీ మాత్రం కంచె దాటి వచ్చాడు,
ఇద్దరికీ మధ్య పార పాతి:
"నీళ్లను దింపలేనప్పుడు
దుంపనెత్తమనేది మా అమ్మ.
అటో కాలవ, ఇటో కాలవ,
నడుమ మట్టి గుండెలదాకా."
ఇంటి గురించి ఆయనేమీ అనలేదు.

జూన్‌లో ఆ దారినే మరో గుంటకు పోతున్నాను.
తుంగ మధ్య నాలుగు మట్టిగట్లు,
వాటిమీద బంగాళాదుంప తెల్లగా పూసి ఉంది.
కాలవల్లో నీళ్లు, కదలకుండా.
చెరువువైపు ఒక కుర్చీ, ఒకటే,
వంటగది కిటికీ రావలసిన చోట.
నా గుంట ఆమె పూడ్చలేదు.
పూడ్చమని చెప్పాలి, అది నియమం.

కారు నెమ్మదించాను.
ప్యాకీ కంచె మీంచి చెయ్యెత్తాడు.
ఈసారి ఏమీ అడగలేదు.
నేనూ అద్దం దించలేదు.
డాష్‌బోర్డు మీద ఆ మట్టి ఉంగరం
ఎండి, సన్నగా ఒకచోట చిట్లి,
మలుపు తిరిగినప్పుడల్లా
అటూ ఇటూ దొర్లుతోంది.